ఆవర్తన పట్టిక చూసి మూలకాల చర్యాశీలత చెప్పవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

"చర్యాశీలత గ్రూపులో పైనుంచి కిందికి పెరుగును, పీరియడ్‌లో ఎడమనుంచి కుడికి తగ్గును." గ్రూపంటే పట్టికలో నిలువు వరస, పీరియడ్ అంటే అడ్డు వరస. పదో తరగతిలో ఈ వాక్యాన్ని బట్టీ పట్టనివాళ్ళు తక్కువ. ఇంటర్‌లోకి వచ్చాక మినహాయింపులు ఒక్కొక్కటే బయటపడి ఆ వాక్యం మీద నమ్మకం సడలుతుంది. ఆ వాక్యం వెనక ఏముంది, అది ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు. విద్యార్థులూ వాళ్ళకి చదువు చెప్పే పెద్దలూ ఎక్కువగా అడిగేవి ఏరి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, కానీ నాలుగో ప్రశ్నని మాత్రం దాటేయకండి.

1. చర్యాశీలత అంటే ఏమిటి? దానికి ఒక అంకె ఉందా?

ఒక మూలకం మరో పదార్థంతో ఎంత తేలిగ్గా, ఎంత జోరుగా కలుస్తుందన్నదే చర్యాశీలత. సాంద్రతకీ ద్రవీభవన స్థానానికీ ఉన్నట్టు దీనికి ఒక అంకె లేదు. ఉండడానికి వీల్లేదు కూడా, ఎందుకంటే అవతల ఏముందో చెప్పకుండా ఈ మాటకి అర్థం లేదు. బంగారం గాలికీ నీటికీ చలించదు. క్లోరిన్ వాయువులో వేడి చేస్తే మాత్రం క్లోరైడ్‌గా మారిపోతుంది. నైట్రోజన్ మామూలుగా దేని జోలికీ పోదు. లిథియం ముక్క తగిలితే పొయ్యి అక్కర్లేకుండానే దానితో నైట్రైడ్ కడుతుంది. అందుకని ఎవరైనా "ఇది చాలా చురుకైన మూలకం" అంటే "దేనితో?" అని అడగడం న్యాయం.

ఇంకో మెలిక ఉంది. చర్య ఎంత వేగంగా జరుగుతుందన్నది వేరు, జరిగితే ఎంత శక్తి బయటికి వస్తుందన్నది వేరు. ఈ రెండింటినీ ఒకే మాట కింద కలిపేయడం వల్లే కింది సందేహాల్లో సగం పుట్టాయి.

2. పట్టికలో చోటుకీ, మూలకం ప్రవర్తనకీ లంకె ఎలా కుదిరింది?

పట్టిక తయారైన కాలానికి ఎలక్ట్రాన్ అనేదొకటి ఉందనే ఎవరికీ తెలియదు. డోబరైనర్ 1829లో లిథియం, సోడియం, పొటాషియం లాంటి ముగ్గురేసి మూలకాలు ఒకే తీరుగా ప్రవర్తిస్తాయని చూపాడు. 1869లో మెండలీవ్ పరమాణు భారాల వరసలో మూలకాలని పేర్చాడు. అయితే భారం ఒక్కటే చూసుకోలేదు. ఆక్సిజన్‌తో, హైడ్రోజన్‌తో ఏ నిష్పత్తిలో కలుస్తాయో చూసి, ఒకే తీరువాటిని ఒక చోట చేర్చాడు. అంటే పట్టిక పుట్టిందే చర్యల పోలికల మీద. తరవాత వచ్చిన ఎలక్ట్రాన్ సిద్ధాంతం దానికి కారణం చెప్పింది. ఖాళీ గళ్ళు వదిలి అక్కడ రావలసినవాటి గుణాలు ముందే రాసిపెట్టడం, 1875లో గాలియం, 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం దొరికి ఆ గళ్ళు నిండడం అందరికీ తెలిసిన కథే. 1913లో మోస్లీ ఎక్స్ కిరణాలతో పరమాణు సంఖ్యని కొలిచాక, వరస భారానిది కాదు, కేంద్రకంలోని ధనావేశానిది అని తేలింది.

ఇక కారణం. రసాయన చర్యలో పాల్గొనేవి దాదాపుగా చివరి కక్ష్యలోని ఎలక్ట్రాన్లే. ఒక గ్రూపులోని మూలకాలన్నిటికీ ఆ చివరి అమరిక ఒకేలా ఉంటుంది. కాబట్టి మీరు చూడవలసినవి మూడు: చివరి కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయి, అవి కేంద్రకానికి ఎంత దూరంలో ఉన్నాయి, మధ్యలో ఉన్న లోపలి ఎలక్ట్రాన్లు కేంద్రకపు ఆకర్షణకి ఎంత అడ్డుపడుతున్నాయి. ఈ మూడో దాన్నే పాఠ్యపుస్తకాలు స్క్రీనింగ్ ఫలితం అంటాయి.

3. క్షార లోహాల్లో కిందికి వెళ్తే చురుకుదనం ఎందుకు పెరుగుతుంది?

మొదటి గ్రూపులో ప్రతి పరమాణువుకీ చివరి కక్ష్యలో ఒక్కటే ఎలక్ట్రాన్. దాన్ని పీకడానికి కావలసిన శక్తి, అంటే అయనీకరణ శక్తి, మోల్‌కి కిలోజౌళ్ళలో ఇలా ఉంటుంది: లిథియం 520, సోడియం 496, పొటాషియం 419, రుబీడియం 403, సీజియం 376. కిందికి దిగేకొద్దీ కేంద్రకంలో ఆవేశం పెరుగుతుంది నిజమే, కానీ లోపలి కక్ష్యలు కూడా పెరిగి దాన్ని చాలామటుకు కప్పేస్తాయి. పైగా చివరి ఎలక్ట్రాన్ దూరం జరుగుతుంది. అందుకే పట్టు సడలుతుంది.

రెండో గ్రూపులోనూ ఇదే కథ, కాస్త నెమ్మదిగా. మెగ్నీషియం చన్నీటిలో దాదాపు ఊరుకుంటుంది, వేన్నీటిలో కదులుతుంది, ఆవిరిలో మండుతుంది. కాల్షియం చన్నీటిలోనే బుడగలు తీస్తుంది. బేరియం ఇంకా చురుకు.

4. "స్థిరమైన అష్టకం కోసం సోడియం తన ఎలక్ట్రాన్‌ని వదిలేస్తుంది" అంటారు. నిజమేనా?

అష్టకం అంటే చివరి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లున్న అమరిక. ఆ వాక్యం గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుంది, కారణంగా చూస్తే తప్పు. సోడియం తనంతట తాను దేన్నీ వదలదు. ఆ ఎలక్ట్రాన్‌ని లాగడానికి మనం 496 కిలోజౌళ్ళు ఎదురు ఖర్చు పెట్టాలి. మరి ఉప్పు ఎలా తయారవుతుంది? ఇంటి జమాఖర్చుల పుస్తకంలా ఒక్కో పద్దూ రాసి చూడండి.

ఖర్చులు: ఘన సోడియంని విడి పరమాణువులుగా చెయ్యడానికి 107. ఎలక్ట్రాన్ పీకడానికి 496. క్లోరిన్ అణువులోని బంధం తెంచి ఒక పరమాణువు తియ్యడానికి 121. మొత్తం 724. జమలు: క్లోరిన్ ఆ ఎలక్ట్రాన్‌ని తీసుకున్నప్పుడు 349. ఇక్కడితో ఆగితే 375 అప్పు. అసలు రాబడి ఆ తరవాత వస్తుంది. ధనావేశ సోడియం అయాన్లూ ఋణావేశ క్లోరైడ్ అయాన్లూ ఒకదాని పక్కన ఒకటి స్ఫటికంలో పేర్చుకున్నప్పుడు సుమారు 787 విడుదలవుతుంది. అప్పు తీరి ఇంకా 411 దాకా మిగులుతుంది. సోడియం ముక్క క్లోరిన్‌లో పసుపుపచ్చగా మండేది ఆ మిగులుతోనే.

మరి అంత రాబడి వస్తున్నప్పుడు సోడియం రెండో ఎలక్ట్రాన్ కూడా ఎందుకు ఇవ్వదు? రెండోది లోపలి కక్ష్యలోది, దాని ఖర్చు 4562. ఏ స్ఫటికమూ ఆ సొమ్ము తిరిగి చెల్లించలేదు. మెగ్నీషియంకి మొదటిది 738, రెండోది 1451. ఆక్సైడ్ స్ఫటికంలో వచ్చే శక్తి ఆ రెండింటినీ భరిస్తుంది. మూడోది 7733, అక్కడ ఆగిపోతుంది. గ్రూపు సంఖ్య చూసి వేలన్సీ చెప్పగలగడం వెనక ఉన్న రహస్యం ఖర్చు ఇలా ఒక్కసారిగా ఎగబాకడమే. అష్టకం నియమం ఈ లెక్కల ఫలితాన్ని పొట్టిగా చెప్పే మాట.

5. లిథియం అయనీకరణ శక్తి ఎక్కువ కదా, మరి చర్యాశీలత శ్రేణిలో అన్నిటికన్నా పైన ఎందుకుంది?

ప్రవేశ పరీక్షలు రాసేవాళ్ళని బాగా తికమక పెట్టే ప్రశ్న ఇది. చర్యాశీలత శ్రేణిలో లోహాలని పేర్చేది ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌ని బట్టి; అది ఎంత మైనస్ అయితే నీటిలో అయాన్‌గా మారే మొగ్గు అంత ఎక్కువ. అది చూస్తే లిథియం మైనస్ 3.04 వోల్టులు, పొటాషియం మైనస్ 2.93, సోడియం మైనస్ 2.71. ఈ వరస ప్రకారం నీటిలో అయాన్‌గా మారడానికి అందరికన్నా ముందుండేది లిథియం. నీళ్ళలో వేసి చూస్తే మాత్రం లిథియం నింపాదిగా బుసబుసలాడుతుంది, పొటాషియం వేసీ వేయగానే ఊదారంగు మంటతో పరిగెడుతుంది.

ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ చెప్పేది శక్తి సంగతి. లిథియం అయాన్ చాలా చిన్నది, అందుకని నీటి అణువులు దాన్ని గట్టిగా చుట్టుకుని మోల్‌కి సుమారు 520 కిలోజౌళ్ళు ఇస్తాయి. సీజియం అయాన్ పెద్దది, దానికి దక్కేది సుమారు 264. ఎలక్ట్రాన్ పీకడానికి ఎక్కువ పెట్టిన ఖర్చుని లిథియం నీళ్ళలో వసూలు చేసుకుంటుందన్నమాట. నీళ్ళలో వేసినప్పుడు మన కంటికి కనిపించేది వేగం. సోడియం 98 డిగ్రీలకే, పొటాషియం 64 డిగ్రీలకే కరుగుతాయి. చర్యలో పుట్టిన వేడికి కరిగి గుండ్రటి బొట్టయి, ఎప్పటికప్పుడు కొత్త ఉపరితలాన్ని నీటికి చూపిస్తాయి. లిథియం 180 డిగ్రీలు దాటితే గాని కరగదు, కనుక ముక్క ముక్కలాగే ఉండిపోతుంది.

నీరు లేనిచోట, గాలిలో మండించినప్పుడు కూడా ఈ మూడూ వేరు దారులు పడతాయి. లిథియం మామూలు ఆక్సైడ్ ఇస్తుంది, సోడియం పెరాక్సైడ్, పొటాషియం సూపరాక్సైడ్.

6. సోడియం నీళ్ళలో పేలేది హైడ్రోజన్ అంటుకోవడం వల్లేనా?

హైడ్రోజన్ మండడమూ ఉంది, కానీ మొదటి పేలుడుకి అది కారణం కాదు. ప్రేగ్‌లో పావెల్ యుంగ్‌విర్త్ బృందం సోడియం పొటాషియం మిశ్రమ లోహపు బొట్లని నీళ్ళలో జారవిడిచి అతివేగ కెమెరాలతో తీసింది. 2015లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం, తాకిన మరుక్షణమే ఎలక్ట్రాన్లు లోహం నుంచి నీటిలోకి పారిపోతాయి. మిగిలిన లోహపు ఉపరితలమంతా ధనావేశంతో నిండి, ఆ ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో బొట్టు ముళ్ళలా చీలి నీళ్ళలోకి చొచ్చుకుపోతుంది. అలా ఉపరితలం ఒక్కసారిగా పెరిగిపోయాక చర్య ఆగదు. సోడియంని కిరోసిన్‌లో దాచేది అందుకే. లిథియం కిరోసిన్ మీద తేలిపోతుంది, దానికి వాజలైన్ పూతో, గాలి చొరని డబ్బానో కావాలి. వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించేవాళ్ళకి ఒకే మాట: వద్దు. ఎగిరిపడేది కరిగిన లోహమూ, గాఢ క్షారమూ. రెండూ కళ్ళని వదలవు.

7. హాలోజన్లలో వరస ఎందుకు తలకిందులవుతుంది?

ఎందుకంటే ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ ఉన్న ఈ గ్రూపులో పని ఎలక్ట్రాన్‌ని ఇవ్వడం కాదు, లాక్కోవడం. ఏడు ఎలక్ట్రాన్లున్న చివరి కక్ష్యలోకి ఎనిమిదోది రావాలంటే కేంద్రకం దగ్గరగా ఉండాలి. ఫ్లోరిన్‌లో దగ్గరగా ఉంది, అయొడిన్‌లో దూరంగా ఉంది. అందుకే క్లోరిన్ పంపిస్తే బ్రోమైడ్ ద్రావణంలోంచి బ్రోమిన్ బయటికొస్తుంది, బ్రోమిన్ పంపిస్తే అయొడైడ్ నుంచి అయొడిన్ వస్తుంది. తిరగేసి చేస్తే ఏమీ జరగదు. ఇది పుస్తకానికే పరిమితమైన ప్రయోగం కాదు. గుజరాత్‌లో కచ్ ఉప్పు మడుల్లో ఉప్పు తీశాక మిగిలే చేదు ద్రవం నుంచి బ్రోమిన్ తీసేది క్లోరిన్ పంపించే.

ఇక్కడా ఒక ఇబ్బంది ఉంది. ఎలక్ట్రాన్ అఫినిటీ ఫ్లోరిన్‌కి 328, క్లోరిన్‌కి 349. ఎలక్ట్రాన్‌ని తీసుకున్నప్పుడు ఎక్కువ శక్తి ఇచ్చేది క్లోరినే! ఫ్లోరిన్ మరీ చిన్నది కావడంతో అప్పటికే ఇరుగ్గా ఉన్న ఎలక్ట్రాన్లు కొత్తదాన్ని కొంత నెడతాయి. అయినా ఫ్లోరిన్ ముందుండడానికి కారణాలు వేరే ఉన్నాయి. ఆ ఇరుకు వల్లే రెండు ఫ్లోరిన్ పరమాణువుల మధ్య బంధం కూడా బలహీనం. దాన్ని తెంచడానికి 158 చాలు, క్లోరిన్‌కి 242 కావాలి. అంతేకాక చిన్న ఫ్లోరైడ్ అయాన్ స్ఫటికంలో గాని నీటిలో గాని చాలా ఎక్కువ శక్తిని తిరిగి ఇస్తుంది. మళ్ళీ జమాఖర్చుల లెక్కే.

ఈ దూకుడు వల్ల ఫ్లోరిన్‌ని విడిగా పట్టుకోవడానికి రసాయన శాస్త్రం 1886 దాకా ఆగవలసి వచ్చింది. అంతకుముందు ప్రయత్నించినవాళ్ళలో గాయపడ్డవారూ, ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. సాధించిన మొయసాన్‌కి 1906లో నోబెల్ ఇచ్చారు.

8. అంత భయంకరమైన ఫ్లోరిన్ టూత్‌పేస్టులో ఎలా ఉంటుంది? నల్లగొండ నీళ్ళలో ఉన్నదీ అదేనా?

రెండు చోట్లా ఉన్నది ఫ్లోరిన్ కాదు, ఫ్లోరైడ్. ఫ్లోరిన్ తనకి కావలసిన ఎలక్ట్రాన్‌ని ఎప్పుడో సంపాదించుకుని చల్లబడిపోయిన రూపం అది. మూలకం చర్యాశీలతని దాని సమ్మేళనానికి అంటగట్టడం చాలామంది చేసే పొరపాటు. సోడియంకీ క్లోరిన్‌కీ భయపడి ఉప్పు మానేయం కదా.

అలాగని ఫ్లోరైడ్‌కి రసాయనం లేదని కాదు. గ్రానైట్ రాళ్ళలోని ఫ్లోరిన్ ఖనిజాల నుంచి అది భూగర్భ జలాల్లోకి దిగుతుంది. నల్లగొండ జిల్లా తరతరాలుగా అనుభవించిన బాధ అదే. ఫ్లోరైడ్ అయాన్ పరిమాణంలో హైడ్రాక్సైడ్ అయాన్‌కి దగ్గరగా ఉంటుంది, కాల్షియంతో గట్టిగా అంటుకుంటుంది. అందువల్ల ఎముకల్లో, పళ్ళలో ఉన్న ఖనిజంలో హైడ్రాక్సైడ్ చోటులోకి దూరిపోతుంది. కొద్ది మోతాదులో అది పంటిపై పొరని ఆమ్లానికి తట్టుకునేలా చేస్తుంది. ఏళ్ళ తరబడి ఎక్కువ తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి. దాన్ని తొలగించడానికి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం వాడతారు. పటికలోని అల్యూమినియం నీటిలో మెత్తటి హైడ్రాక్సైడ్ తెట్టుగా మారి ఫ్లోరైడ్‌ని పట్టుకుని అడుక్కి దిగుతుంది.

9. ఫ్రాన్సియం అన్నిటికన్నా చురుకైన లోహమా?

పట్టిక మీద వేలు పెట్టి కిందికి జరిపితే అలాగే అనిపిస్తుంది. కాకపోవచ్చు. ఫ్రాన్సియం అయనీకరణ శక్తి సుమారు 393. సీజియం 376 కన్నా ఎక్కువ. కేంద్రకంలో 87 ప్రోటాన్లుంటే లోపలి ఎలక్ట్రాన్లు కాంతివేగంతో పోల్చదగ్గ వేగం అందుకుంటాయి. అంత వేగం దగ్గర కనిపించే సాపేక్షతా ప్రభావం (ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పేది) వల్ల చివరి ఎలక్ట్రాన్ కూడా కాస్త లోపలికి ముడుచుకుంటుంది. 1939లో మార్గరిట్ పెరే కనిపెట్టిన ఈ మూలకపు అత్యంత దీర్ఘజీవి ఐసోటోపు అర్ధాయువు 22 నిమిషాలు. కాబట్టి బక్కెట్ నీళ్ళలో ఫ్రాన్సియం వేసినట్టు చూపించే వీడియోలన్నీ బూటకం.

10. జడవాయువులు నిజంగా జడమేనా?

హీలియం, నియాన్ వరకు అవునని చెప్పుకోవచ్చు. వాటి అయనీకరణ శక్తులు 2372, 2081. ఆ ఖర్చు భరించే భాగస్వామి మామూలు పరిస్థితుల్లో దొరకదు. ఇంకో ఎలక్ట్రాన్‌ని తీసుకుందామంటే అది కొత్త కక్ష్యలో, దూరంగా కూర్చోవాలి; కేంద్రకం దాన్ని పట్టి ఉంచలేదు.

హీలియం సంగతికి మన ఊరితో చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడడానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చి వర్ణపటదర్శినితో సూర్యుడి అంచు జ్వాలల్ని పరిశీలించాడు. ఆ గ్రహణం నాడు, ఆ తరవాత నెలల్లో జరిగిన పరిశీలనల్లో, సూర్యకాంతి వర్ణపటంలో సోడియం గీతకి దగ్గరగా, కానీ సోడియంది కాని, ఒక పసుపుపచ్చ గీత గురించిన చర్చ మొదలైంది. ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ దాన్ని కొత్త మూలకపు గీతగా భావించాడు. భూమ్మీద దాన్ని రసాయన శాస్త్రవేత్త రామ్సే పట్టుకున్నది 1895లో, యురేనియం ఖనిజం నుంచి. సూర్యుడిలో ముందు కనబడి ఇక్కడ ఆలస్యంగా దొరకడానికి కారణం దాని జడత్వమే: దేనితోనూ కలవదు కనుక ఏ ఖనిజంలోనూ సమ్మేళనంగా ఉండదు, తేలిక కనుక గాలిలోనూ నిలవదు.

మెండలీవ్ తొలి పట్టికలో ఈ గ్రూపే లేదు. ఏ చర్యా చెయ్యని మూలకాన్ని చర్యలు చూసే కాలంలో ఎవరు కనిపెడతారు? 1894లో ఆర్గాన్ దొరికాక ఒక కొత్త నిలువు వరసే పెట్టవలసి వచ్చింది. ఆ ఆర్గాన్ మనం పీల్చే గాలిలో నూటికి 0.93 వంతు ఉంది.

కిందికి దిగేకొద్దీ ఇక్కడా పట్టు సడలుతుంది. 1962లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో నీల్ బార్ట్‌లెట్ ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ అనే ఎర్రటి ఆవిరి ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్‌ని లాగేస్తోందని గమనించాడు. ఆక్సిజన్ అణువు అయనీకరణ శక్తి 1165. జినాన్‌ది 1170. రెండంకెలూ దాదాపు ఒకటే కదా అని జినాన్‌తో ప్రయత్నించాడు, పసుపు నారింజ కలిసిన రంగులో ఘనపదార్థం ఏర్పడింది. చర్యాశీలత లెక్కలో ఇంతకన్నా అందమైన తర్కం నాకు తెలియదు. పట్టికలోని ఒక నమ్మకాన్ని పట్టికలోని అంకెతోనే పడగొట్టాడు. ఆ తరవాత జినాన్ ఫ్లోరైడ్లు, ఆక్సైడ్లు చాలానే వచ్చాయి. క్రిప్టాన్‌కి ఫ్లోరైడ్ ఉంది.

11. నైట్రోజన్, ఫాస్ఫరస్ ఒకే గ్రూపు. ఒకటి గాలిలో ఊరికే ఉంటుంది, రెండోది గాలి తగిలితే మండుతుంది. ఎందుకు?

విడి నైట్రోజన్ పరమాణువు చాలా చురుకైనది. మన చుట్టూ ఉన్నది విడి పరమాణువు కాదు, మూడు బంధాలతో బిగుసుకున్న జంట. ఆ బంధం తెంచడానికి 945 కిలోజౌళ్ళు. ఎరువుల కర్మాగారాల్లో దాన్ని అమ్మోనియాగా మార్చడానికి 400 నుంచి 500 డిగ్రీల వేడి, వందల వాతావరణాల పీడనం, ఇనుప ఉత్ప్రేరకం కావాలి. పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా ఇదే పని పొలంలో చడీచప్పుడు లేకుండా చేసేస్తుంది.

ఫాస్ఫరస్ పెద్ద పరమాణువు. పక్కపక్కన చేరి అలాంటి మూడు బంధాలు కట్టుకోవడం దానికి అంతగా కుదరదు. తెల్ల ఫాస్ఫరస్‌లో నాలుగు పరమాణువులు 60 డిగ్రీల కోణాల్లో ఇరుక్కుని ఉంటాయి, అది సుఖమైన ఏర్పాటు కాదు. అందుకే దాన్ని నీళ్ళలో దాచాలి. మన ఎండాకాలపు వేడికే గాలిలో అంటుకోగలదు. అదే మూలకం ఎర్ర ఫాస్ఫరస్ రూపంలో అగ్గిపెట్టె పక్కన గీసే పట్టీ మీద ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. గ్రూపు సంఖ్య చెప్పేది పరమాణువు సంగతి. మన చేతికి అందేది అణువో, స్ఫటికమో. మధ్యలో బంధాలున్నాయి.

12. బంగారం, వెండి, రాగి పరమాణువుల చివర కూడా ఒక్కటే ఎలక్ట్రాన్. మరి అవి సోడియంలా ఎందుకు ప్రవర్తించవు?

లోపల ఉన్న తెర వేరు. సోడియంలో చివరి ఎలక్ట్రాన్‌కీ కేంద్రకానికీ మధ్య నిండు కక్ష్యలు గట్టిగా అడ్డుంటాయి. రాగి వరసలో ఆ మధ్యలో పది డి ఎలక్ట్రాన్లున్నాయి (కక్ష్యలోని ఉప విభాగాల్ని ఎస్, పి, డి, ఎఫ్ అంటారు), అవి సరిగ్గా అడ్డుపడలేవు. దాంతో చివరి ఎలక్ట్రాన్ మీద కేంద్రకం పట్టు ఎక్కువ. అయనీకరణ శక్తి రాగికి 745, వెండికి 731, బంగారానికి 890. బంగారంలో దీనికి సాపేక్షతా ప్రభావం తోడవుతుంది. దాని లోపలి ఎలక్ట్రాన్ల వేగం కాంతివేగంలో సగం దాటుతుంది. బంగారం రంగుకీ, దాని జడత్వానికీ మూలం ఒకటే. లోహాన్ని పరమాణువులుగా విడదీయడానికి కూడా ఈ లోహాలకి ఖర్చు ఎక్కువ.

వెండి నల్లబడేది గాలిలోని ఆక్సిజన్ వల్ల అనుకుంటారు. కాదు, గంధకం సమ్మేళనాల వల్ల.

13. అల్యూమినియం చురుకైన లోహమంటారు. మరి వంటగిన్నెలు ఎలా నిలుస్తున్నాయి?

నిలుస్తున్నది అల్యూమినియం కాదు, దాని మీది పొర. గాలి తగలగానే కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. అది లోహానికి అతుక్కుని, పగుళ్ళు లేకుండా ఉండి, కిందికి ఆక్సిజన్‌ని పోనివ్వదు. ఇనుము తుప్పు దీనికి ఉల్టా. పొరలుగా ఊడిపోయి కొత్త లోహాన్ని బయటపెడుతుంది. అల్యూమినియం అసలు స్వభావం చూడాలంటే రైలు పట్టాలు అతికే చోట చూడండి. అల్యూమినియం పొడిని ఐరన్ ఆక్సైడ్‌తో కలిపి ముట్టిస్తే ఆక్సిజన్‌ని లాక్కుని, ఇనుము కరిగి పారేంత వేడి పుట్టిస్తుంది.

ఆవకాయని అల్యూమినియం గిన్నెలో పెట్టవద్దని పెద్దవాళ్ళు అనడంలో రసాయనం ఉంది. పులుపు, ఉప్పు రెండూ కలిసి ఆ పొరని తినేస్తాయి. జాడీకి ఆ బెడద లేదు.

14. లోహాల చర్యాశీలత శ్రేణిని పట్టిక నుంచి రాబట్టవచ్చా?

రెండు చివరలూ రాబట్టవచ్చు. ఎడమ అంచున, కింద ఉన్నవి పైకి వస్తాయి. బంగారం, ప్లాటినం ఉన్న మూల అడుక్కి పోతుంది. మధ్యలో ఉన్న జింకు, ఇనుము, తగరం, సీసం, రాగి వరస మాత్రం ప్రయోగం చేసి కొలవవలసిందే. ఐదో ప్రశ్నలో చెప్పిన ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ జింకుకి మైనస్ 0.76 వోల్టులు, ఇనుము మైనస్ 0.44, తగరం మైనస్ 0.14, రాగి ప్లస్ 0.34.

ఈ అంకెలు మన ఇళ్ళలో పనిచేస్తుంటాయి. జింకు పూత వేసిన రేకు గీసుకుపోయినా ఇనుము వెంటనే తుప్పు పట్టదు, జింకు ముందు తాను కరిగిపోతుంది. తగరం పూత వేసిన ఇనుప డబ్బా గీసుకుపోతే కథ తిరగబడుతుంది, అక్కడ ఇనుమే ముందు పోతుంది. ఇత్తడి గిన్నెకి కళాయి వేసేటప్పుడు నవాసాగరం చల్లుతారే, అది పైనున్న ఆక్సైడ్‌ని ఊడ్చి, తగరం అంటుకునేందుకు లోహాన్ని శుభ్రం చేస్తుంది. నిజానికి తగరం రాగికన్నా చురుకైనదే. అయినా చారు కాచుకోవడానికి అది పనికొచ్చేది పైనున్న ఆక్సైడ్ పొర వల్లా, కరిగినా రాగి లవణాలంత హాని చెయ్యదు కనుకా.

బిదరీ పాత్రలు ఇంకా ముచ్చటైనవి. ఎక్కువ జింకు, కొద్దిగా రాగి కలిపిన లోహంలో వెండి తీగ పొదుగుతారు. చివర్లో బీదర్ కోట మట్టి, నవాసాగరం కలిపిన ముద్ద పూస్తే లోహం నల్లబడుతుంది, వెండి మెరుస్తూనే ఉంటుంది. ఒకే పాత్ర మీద రెండు లోహాల చర్యాశీలత తేడాని కళగా మార్చారు.

మానవ చరిత్రలో లోహాలు దొరికిన వరస కూడా దాదాపు ఈ శ్రేణిని కిందినుంచి పైకి చదివినట్టే ఉంటుంది. బంగారం విడిగా ఏరుకున్నారు. రాగికి మామూలు కొలిమి చాలింది. ఇనుముకి బొగ్గు, గట్టి గాలి కావలసి వచ్చాయి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు చేసినవాళ్ళ నైపుణ్యం అక్కడిదే. సోడియం, పొటాషియంలని బొగ్గుతో కాదు, 1807లో డేవీ విద్యుత్తుతో విడదీశాడు. అల్యూమినియం చవకైంది 1886లో హాల్, హెరూ విద్యుద్విశ్లేషణ పద్ధతి కనిపెట్టాకే.

15. పట్టిక అడుగున విడిగా రాసే లాంథనైడ్‌లు అన్నీ ఒకేలా ఎందుకుంటాయి?

వాటిలో కొత్తగా చేరే ఎలక్ట్రాన్లు లోలోపలి ఎఫ్ ఆర్బిటాళ్ళలోకి పోతాయి, బయటి అమరిక పెద్దగా మారదు. దాదాపు అన్నీ ప్లస్ 3 అయాన్లే ఇస్తాయి. భీమునిపట్నం తీరపు ఇసుకలో ఉన్న మోనజైట్‌లో సీరియం, లాంథనం, నియోడిమియం కలగలిసి ఉండేది అందుకే. ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం అంత ఖరీదైన పని కావడానికీ అదే కారణం.

16. సీసం కార్బన్ గ్రూపులోది కదా, ప్లస్ 2 ఎక్కువగా ఎందుకిస్తుంది?

గ్రూపు కిందికి వచ్చేసరికి చివరి కక్ష్యలోని ఎస్ ఎలక్ట్రాన్ల జంట కేంద్రకానికి దగ్గరగా ముడుచుకుని బంధాల్లోకి రాదు. జడ ఎలక్ట్రాన్ జంట ప్రభావం అంటారు. దాంతో ప్లస్ 4 సీసం ఎప్పుడెప్పుడు ప్లస్ 2 అవుదామా అని చూస్తుంటుంది, అంటే బలమైన ఆక్సీకరణి, ఎదుటిదాని నుంచి ఎలక్ట్రాన్లు లాగేది. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీలోని లెడ్ డయాక్సైడ్ పలక ఈ గుణంతోనే బతుకుతోంది. కారు బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల్లో సుమారు 10 సాపేక్షతా ప్రభావం వల్లేనని 2011లో ఒక గణన చూపింది.

17. పీరియడ్‌లో అయనీకరణ శక్తి పెరుగుతూ పోవాలి కదా, బోరాన్, ఆక్సిజన్ దగ్గర ఎందుకు తగ్గుతుంది?

బెరీలియం 900, బోరాన్ 801: బోరాన్ నుంచి పోయేది పి ఎలక్ట్రాన్, దానికి ఎస్ ఎలక్ట్రాన్ కన్నా పట్టు తక్కువ. నైట్రోజన్ 1402, ఆక్సిజన్ 1314: ఆక్సిజన్‌లో ఒక పి ఆర్బిటాల్‌లో ఇద్దరు కూర్చోవలసి వస్తుంది, వికర్షణ వల్ల ఒకటి తేలిగ్గా పోతుంది. పరీక్షకి ఇంతే చాలు.

18. హైడ్రోజన్‌ని మొదటి గ్రూపులో ఎందుకు పెడతారు?

ఒక ఎలక్ట్రాన్ ఉంది కనుక. దాని అయనీకరణ శక్తి 1312, సోడియంకి రెండున్నర రెట్లకన్నా ఎక్కువ. క్షార లోహాలతో కలిసినప్పుడు హాలోజన్‌లా ఎలక్ట్రాన్ తీసుకుని హైడ్రైడ్ అవుతుంది కూడా. పైన, మధ్యలో, విడిగా పెట్టినా తప్పు లేదు; కొన్ని పట్టికల్లో అలాగే పెడతారు.

19. 118వ మూలకం జడవాయువుల కింద ఉంది. అదీ జడమేనా?

ఒగనెస్సాన్ గురించి లెక్కలు కాదనే చెబుతున్నాయి. ఇంత బరువైన పరమాణువులో చివరి ఎలక్ట్రాన్ల పట్టు సడలి, సాపేక్షతా ప్రభావాలు కక్ష్యల్ని కలగాపులగం చేస్తాయి. అది ఇంకో ఎలక్ట్రాన్‌ని పట్టి ఉంచగలదనీ, గది ఉష్ణోగ్రత దగ్గర వాయువుగా కాక ఘనంగా ఉండవచ్చనీ అంచనా. గ్రూపులో పై వాళ్ళెవరికీ లేని గుణాలివి. సరిచూద్దామంటే ఇప్పటిదాకా తయారైనవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని పరమాణువులే, వాటి ఆయుష్షు మిల్లీసెకనుకన్నా తక్కువ. గాజు గొట్టంలో పోసి చూసే వీలు లేదు కనుక, ఈ గడి విషయంలో ప్రస్తుతానికి కంప్యూటర్ లెక్కలే దిక్కు.